తడి బోర్డు

పాత బోర్డు మీద తెల్లరంగు కొట్టాను.
ఒక పూతకి పోలేదు.
"చేపలు పట్టరాదు"లో "రాదు" మాత్రం
రంగు కింద నుంచి ఇంకా మాట్లాడుతోంది.
అది రాసింది మా మేస్త్రీ, ఎనభై ఆరులో.
ఆ దీర్ఘం తీసే ఒడుపు
ఇప్పటికీ నాకు రాదు.

రెండో పూత ఆరేదాకా
భవానీపురం మెట్ల మీద కూచున్నాను.
బ్యారేజీ గేట్లన్నీ దించి ఉన్నాయి.
ఎగువన కృష్ణ నదిలా లేదు,
ఎటూ పోబుద్ధి కాని చెరువులా ఉంది,
అటు ఉండవల్లి కొండ దాకా.

మత్స్యశాఖ సువార్తమ్మ గారిచ్చిన కాయితం
పై జేబులో చెమటకి మెత్తబడింది.
ఇరవై రెండు నిబంధనలు.
బోర్డేమో ఆరడుగులు ఇంటూ నాలుగు.
"ఎట్లా పట్టిస్తానండీ" అంటే
"చిన్నక్షరాలు రాయండి దస్తగిరిగారూ" అన్నారావిడ.
నీళ్ళ వైపు తప్ప ఇంకో వైపు చూడని వాళ్ళ కోసం
చిన్నక్షరాలు!

మొదలుపెట్టాను.
వినోదార్థ మత్స్యవేట: సవరించిన నిబంధనలు.
వెనకాల బుల్లెబ్బాయి
బెండు మీంచి కళ్ళు తియ్యకుండానే అడిగాడు:
"వినోదం ఎవరికంటరా, చేపక్కూడానా?"
ఆటోనగర్లో షెడ్డు మూసేశాక
వాడింట్లో పులుసు ఈ గాలం మీదే ఉడుకుతోంది.
నేను సున్నా గుండ్రంగా తిప్పడంలో ఉన్నాను,
వినపడనట్టు.

మనిషికి రెండు గాలాలు.
కరెంటు తీగలు దించరాదు, మందు కలపరాదు.
పట్టినది అమ్మరాదు.
(ఇక్కడ బుల్లెబ్బాయి దగ్గాడు.)

తొమ్మిదోది రాస్తుంటే చెయ్యి ఆగింది.
కొత్తనీరు వచ్చిన నాటి నుంచి రెండు నెలలు
మునేరు కలిసే చోటా,
బుడమేరు మళ్ళింపు కాలవ కలిసే చోటా
మూడు వందల మీటర్లలో గాలం వేయరాదు.

నాకు పందొమ్మిదేళ్ళప్పుడు
మునేరు ముఖాన, ఎర్రనీళ్ళలో,
కప్పపిల్లని గుచ్చి వేస్తే వాలుగ పడింది.
తొమ్మిది కేజీలు.
సైకిల్ క్యారియర్ మీద, తోక నేలకి రాసుకుంటుంటే
కంచికచర్లంతా ఊరేగించాను.
ఇంటికొచ్చి కోస్తే పొట్ట నిండా గుడ్లు,
సజ్జల బస్తా చిరిగినట్టు.
మా అమ్మ కత్తిపీట ముందు కాసేపు ఊరికే కూచుంది.
తరవాత వేయించింది. తిన్నాం. బాగున్నాయి.
అప్పుడు ఈ తొమ్మిదో నంబరు లేదు.
ఉన్నా, ఆ ఎర్రనీళ్ళ ముందు
నాకు చదువొచ్చి ఉండేది కాదు.

పద్నాలుగు.
శీలావతి ముప్పై సెంటీమీటర్ల లోపుంటే వదిలెయ్యవలెను.
ముప్పై సెంటీమీటర్లంటే ఎంత?
బుల్లెబ్బాయి జానెడు వేరు, నా జానెడు వేరు,
చేప పడ్డ సంబరంలో
ఎవడి జానెడు వాడికి కురచ.
అందుకని కాయితంలో లేనిది ఒకటి చేశాను.
బోర్డు అడుగున, పిల్లలకి అందే ఎత్తులో,
నీలం రంగుతో ఒక శీలావతిని గీశాను.
మూతి నుంచి తోక చివరి దాకా సరిగ్గా ముప్పై,
స్కేలు పెట్టి, పొలుసు పొలుసూ దిద్ది.
లారీల వెనక నెమళ్ళు వేసిన చెయ్యి, ఊరుకోదు.
మిగతా ఎనిమిదీ చీమలబారులా ఇరికించాను.

సాయంత్రం జక్రయ్య కొడుకు, ఏడో తరగతి,
గిలగిల్లాడే దాన్ని రెండు చేతులా పట్టుకొచ్చి
తడి బొమ్మకి ఆనించాడు.
రెండు వేళ్ళు తక్కువ.
మెట్ల మీద ఎవరూ ఏమీ అనలేదు,
బుల్లెబ్బాయి కూడా.
వాడు బోర్డు వంక చూశాడు, నా వంక చూశాడు.
ఇద్దరం సాయం రాలేదు.
మెట్లు దిగి, ఒంగి,
నీళ్ళలో చేతులు విప్పాడు.

బిల్లులో బొమ్మకి పైసలు లేవన్నారు సువార్తమ్మ గారు.
పైగా కడుపు దగ్గర పొలుసులు చెరిగాయి,
మళ్ళీ దిద్దమన్నారు.
దిద్దలేదు.
ఆ కాస్త నీలం ఒంటికి పూసుకుని
ఇబ్రహీంపట్నం వైపు ఎదురీదుతూ ఉంటుంది,
రెండు వేళ్ళు పెరగడానికి.